రైఫిల్ బారెల్ మార్చాక హెడ్‌స్పేస్ చూసేటప్పుడు జాగ్రత్తలు

హెడ్‌స్పేస్ అంటే బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) ముఖం నుంచి చాంబర్ (తూటా కూర్చునే గది) భుజం, అంటే అది సన్నబడే చోటు, దాకా ఉండే దూరం. బారెల్ నట్ (బారెల్‌ను బిగించే నట్) ఉండే సావేజ్ 110 రైఫిల్, .308 వించెస్టర్ తూటా చాంబర్ లెక్కన ఇది. ఇండియాలో ఈ పని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌దే.

• మ్యాగజైన్ తీయండి. చాంబర్‌ను కంటితో చూడండి, వేలితో తడిమి చూడండి. బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. గేజ్ (తూటా ఆకారంలో ఉండే కొలత ముక్క) బదులు అసలు తూటాతో పరీక్షించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

• గేజ్‌లు: గో (కనీస కొలత) 1.630, నో-గో (మించకూడని కొలత) 1.634 అంగుళాలు. 7.62 నాటో (సైనిక తూటా) గేజ్‌ల కొలతలు వేరు, కలపొద్దు.

• బోల్ట్ నుంచి ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసేది), ఎక్స్‌ట్రాక్టర్ (కేసును పట్టి లాగేది), ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) విప్పేయండి. ఎజెక్టర్ స్ప్రింగ్ గేజ్‌ను ముందుకు నెడుతుంది, చేతికి తప్పుడు స్పర్శ తెలుస్తుంది. చాంబర్, బోల్ట్ ముఖం, లగ్‌లు (బోల్ట్‌ను లాక్ చేసే పళ్లు) తుడవండి. చిన్న ఇనుప రజను చాలు, కొలత తప్పడానికి.

• గో గేజ్ మీద బోల్ట్ మూసి, బారెల్‌ను గేజ్‌కు తగిలేదాకా చేత్తో తిప్పి, నట్ బిగించండి. బిగిస్తుంటే బారెల్ కదలొచ్చు, అందుకే బిగించాకే అసలు పరీక్ష: గో మీద బోల్ట్ పూర్తిగా మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు.

• హ్యాండిల్‌ను రెండు వేళ్లతోనే దించండి. బోల్ట్‌కు క్యామ్ బలం (హ్యాండిల్ దించితే బోల్ట్‌ను ముందుకు నెట్టే బలం) చాలా ఎక్కువ. గట్టిగా నొక్కితే గట్టి ఉక్కు గేజ్ చాంబర్ భుజాన్ని దెబ్బతీస్తుంది.

• నో-గో మీద మూసుకుందా? కాల్చొద్దు. నట్ వదులు చేసి మళ్లీ మొదటి నుంచి. హెడ్‌స్పేస్ ఎక్కువైతే కాల్చినప్పుడు ఇత్తడి కేసు సాగి, అడుగుకు కాస్త పైన తెగుతుంది. వేడి వాయువు వెనక్కి, ముఖం మీదికి వస్తుంది.