రాత్రి పనికి టార్చి కొనేముందు

పెట్టె మీద పది గంటలని ఉంటుంది, పని సగంలోనే వెలుతురు మసకబారుతుంది. ఆ లెక్క సాధారణంగా వెలుతురు మొదటిదాంట్లో 10 శాతానికి పడిపోయేదాకా వేసింది. కాబట్టి గరిష్ఠ ల్యూమెన్లు (వెలుతురు కొలత) వదిలేసి, మీడియం మోడ్‌లో 100-200 ల్యూమెన్లు ఎన్ని గంటలొస్తాయో చూడండి. దగ్గరి పనికి అంత చాలు.

బ్యాటరీ 18650 రకమైతే (వేలంత పొడవున్న, మళ్లీ ఛార్జి చేసుకునే గుండ్రటి సెల్) బయటికి తీసి చూడండి. సుమారు 45 గ్రాములు తూగాలి. దానిమీద సామర్థ్యం (ఎంత ఛార్జి పడుతుందో, ఎంఏహెచ్‌లో) 3600 ఎంఏహెచ్‌కి బాగా మించి, 9900 అని రాసుంటే అది అబద్ధమే, కొనకండి. నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్ గుర్తు కూడా చూడండి: వానకి ఐపీఎక్స్4 సరిపోతుంది. నీళ్లలో పడే చోటైతే ఐపీఎక్స్7.

బ్యాటరీ లోపలే బిగించేసిన టార్చికి ఈ తూకం పనికిరాదు. దాన్ని పూర్తిగా ఛార్జి చేసి, మీడియంలో ఆరిపోయేదాకా వెలిగించి గడియారం చూసుకోవాల్సిందే. హైలో పెడితే వేడికి అదే వెలుతురు తగ్గించుకుంటుంది, లెక్క తప్పుతుంది.