బొంత అడుక్కి పాత చీర

మీటరు కాటన్ రేటు వింటేనే గుండె గుభేలుమంటోంది. అందుకే బొంత పైభాగానికి మాత్రమే కొత్త బట్ట కొంటున్నా, అదీ మన చెన్నై గోడౌన్ స్ట్రీట్‌లో కట్‌పీసులు. అడుక్కి పాత నూలుచీరే. అయిదున్నర మీటర్ల చీరను సగానికి కోసి, రెండు ముక్కల్నీ పక్కపక్కన కలిపి కుడితే దాదాపు 90 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు వస్తుంది. డబుల్‌కాట్‌కి చాలు.

కోసేముందు చీరను కిటికీకి అడ్డం పట్టి చూడండి. కుచ్చిళ్ల దగ్గర, మడమ రాసుకునే కింది అంచు దగ్గర నేత పలచబడి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. అక్కడ లోపల ఇంకో గుడ్డ వేయాల్సిందే. నేనోసారి బద్ధకించా, రెండో ఉతుక్కే చిరిగింది. ముదురు ఎరుపైతే తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి.

టైలర్ని అడిగితే జాకెట్ ముక్కలు సంచెడు ఇస్తాడు. అందులో పాలియెస్టర్ ఏరేయాలి. ఒక పోగు వెలిగిస్తే నూలు కాగితంలా బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కొత్త కాటన్ని మాత్రం ఉతికి ఆరేశాకే కత్తెర పెట్టండి, కుంచించుకుపోతుంది.