వానల ముందు పాత జీపు కింద దూరేవారికి

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. పాత మహీంద్రా జీపో, మారుతి జిప్సీయో ఉన్న ఇంట్లో సెప్టెంబరు రాగానే చేతులు ఊరుకోవు. కమాన్లు (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) ఎత్తించాలి, పెద్ద టైర్లు వేయాలి, స్నార్కెల్ (ఇంజన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం) పెట్టాలి అంటూ జాబితా పెరుగుతుంది. అందులో బ్రేకులు చివర ఉంటాయి. నా లెక్కలో అవే మొదట. అంతకన్నా ముందు చూడవలసింది నేల.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి మీద నాలుగు చినుకులు పడితే చాలు, జాకీ ఒక పక్కకు దిగబడుతుంది. తీరం వైపు ఇసుక నేలను పొడిగా ఉన్నా నమ్మకూడదు. జాకీ కింద మందపాటి ఇనుప పలకో, చెక్క దిమ్మో వేయండి. జాకీ పని ఎత్తడం వరకే. ఎత్తాక బరువును స్టాండ్ల మీదకు దించాలి. స్టాండ్లు లేవని సిమెంటు ఇటుకలు పేర్చడం ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది. ఆ ఇటుక చెప్పి పగలదు. ఊడదీసిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెడితే, స్టాండు జారినా మనిషికి కాస్త సందు మిగులుతుంది.

కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను కాక, ఇంజన్ బలాన్ని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే, రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారణంగా ఆ పట్టు పోతుంది, బండి దొర్లుతుంది. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మెలు పెట్టకుండా కిందికి దూరవద్దు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలే వద్దు.

బ్రేకు డ్రమ్ము విప్పగానే గాలి కొట్టడం మన షెడ్లలో అలవాటు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేరకుండా తడి గుడ్డతో తుడవండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకొకసారి పూర్తిగా మార్చాలి. అందులో ఇంజన్ ఆయిల్ చుక్క కూడా కలవకూడదు, రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. తుప్పు పట్టకుండా ఛాసిస్‌కు పాత ఇంజన్ ఆయిల్ పూసేవారు బ్రేక్ హోసుల దగ్గర చెయ్యి ఆపాలి.

కమాన్ కట్టకు పట్టీలు పెంచడం తేలికే. పెంచాక బ్రేక్ హోసు పొడవు చాలుతుందో లేదో, చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడదీసి చూడండి. కమాన్లను ఇరుసుకు బిగించే యూ బోల్టులను కొన్ని రోజులు తిరిగాక మళ్లీ బిగించాలి. ఎత్తు పెరిగిన బండి గిద్దలూరు దాటాక నల్లమల మలుపుల్లో మునుపటిలా నిలబడదని గుర్తుంచుకుని వేగం తగ్గించండి.

పెట్రోలు ట్యాంకు చిల్లును ఇంట్లో వెల్డింగ్ చేయకండి. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపలంతా ఆవిరి. బాడీకి వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ తీగలు విప్పండి, మైనస్ మొదట. ఎలుకలు కొరికిన తీగలకు టేపు చుట్టి సరిపెట్టవద్దు. ఎక్కువ వాట్ల బల్బులు వేస్తే రిలే, ఫ్యూజు తప్పనిసరి.

ఇంజన్, బాడీ వంటివి మార్చాలనుకుంటే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీనికే ఉంది.

ఇక స్నార్కెల్. అది ఇంజన్‌కు గాలి ఇస్తుంది, అంతే. డిఫరెన్షియల్, గేర్‌బాక్సుల బ్రీదర్లు (లోపలి గాలి ఆడే చిన్న రంధ్రాలు) కిందే ఉంటే నీళ్లు అక్కడ దూరతాయి. ముందు వాటికి పైపులు వేసి పైకి తీయండి. పెద్ద టైర్లు పారే నీటిలో బండిని ఇంకా తేలిక చేస్తాయి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర జాతీయ రహదారే దెబ్బతింది, చప్టా ఎంత? నీళ్లు పొర్లే చప్టా దగ్గర వెనక్కి తిరగండి.

నిలిచిన నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి లాగించి, డీజిల్ బండైతే ఇంజెక్టర్లు, పెట్రోలు బండైతే ప్లగ్గులు తీశాకే ఇంజన్ తిప్పాలి. నీళ్లు దాటి వచ్చిన బండికి బ్రేకు మెల్లగా నాలుగైదుసార్లు తొక్కి ఆరనివ్వండి. ఇంటికి చేరాక గేరు ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ కాస్త దించి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆ వారంలోనే మార్చేయండి.