ఎండ దెబ్బ నుంచి చర్మాన్ని కాపాడే మొక్కల పదార్థాలు: ఎలా వాడుకోవాలి?

ఎండ ఎక్కువైందని మొక్క లేచి నీడలోకి పోలేదు. మొలిచిన చోటే నిలబడి రోజంతా కాగాలి. అందుకని ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్ల లాంటి పదార్థాలు తయారు చేసుకుని, అతినీలలోహిత కిరణాలను అక్కడే పట్టేస్తుంది. ఎండ పెరిగితే తయారీ కూడా పెంచుతుంది. ఆ సరుకు తినో, పూసుకునో మనమూ ఎంతో కొంత మేలు పొందొచ్చు. 'ఎంతో కొంత' అన్న మాటను మాత్రం కాస్త గట్టిగా పట్టుకోండి.

ఎందుకంటే మన చర్మంలో ఈ పదార్థాలు చేసే పని వేరు. అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకం (280–315 నానోమీటర్లు) పైపొర కణాల్లోని డీఎన్ఏను నేరుగా దెబ్బతీస్తుంది. చర్మం కమిలేది ముఖ్యంగా దీనివల్లే. యూవీఏ అనే రకం (315–400 నానోమీటర్లు) ఇంకా లోతుకు దిగి ఫ్రీ రాడికల్స్‌ను (కణాలను దెబ్బతీసే చురుకైన అణువులను) పుట్టిస్తుంది, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ అనే ప్రోటీన్‌ను పాడు చేస్తుంది. ఆ తర్వాత మొదలయ్యే ఎరుపు, మంట, వాపు సుమారు 12 నుంచి 24 గంటల్లో బాగా ముదురుతాయి. మొక్కల పదార్థాలు ఎక్కువగా పనికొచ్చేది ఈ ఫ్రీ రాడికల్స్‌ను అణచడానికి, వాపును తగ్గించడానికి. వచ్చే కిరణాన్ని ఆపడం వాటివల్ల పెద్దగా కాదు.

1. ముందు సన్‌స్క్రీన్, బట్టలు, నీడ

యూవీ సూచీ (ఎండలో అతినీలలోహిత కిరణాలు ఎంత గట్టిగా ఉన్నాయో చెప్పే అంకె) 3కి చేరిందంటే రక్షణ అవసరం. సూచీ చూసే వీలు లేకపోతే మీ నీడను చూడండి. అది మీకంటే పొట్టిగా ఉంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టే. ఎస్‌పీఎఫ్ అంటే సన్‌స్క్రీన్ ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ యూవీబీలో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, అదీ చాలినంత పూస్తే. మనలో చాలామంది పూసేది అందులో సగం కూడా ఉండదు. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. ఫలానా గింజల నూనెలో బోలెడు ఎస్‌పీఎఫ్ ఉందని ఇంటర్నెట్‌లో కనిపించే మాటలను నమ్మి సన్‌స్క్రీన్ మానేయకండి. ఇంట్లో కలుపుకున్న మిశ్రమం ఎంత ఆపుతుందో కొలిచే దారి మన దగ్గర లేదు.

2. పళ్లెంలో లైకోపీన్, కనీసం పది వారాలు

టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ మీద 2001లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. అందులో కొందరు రోజూ 40 గ్రాముల టమాటా పేస్టును 10 గ్రాముల ఆలివ్ నూనెతో తిన్నారు. లైకోపీన్ లెక్కన అది సుమారు 16 మిల్లీగ్రాములు. నాలుగో వారంలో చూస్తే తేడా ఏమీ లేదు. పదో వారంలో మాత్రం, ఉత్త నూనె తిన్నవాళ్లతో పోలిస్తే చర్మం ఎర్రబడటం 40 శాతం తక్కువగా ఉంది.

దీన్నిబట్టి చేయాల్సిన పనులు తేలికే. టమాటాను ఉడికించి తినండి. వేడికి లైకోపీన్ బయటికి వచ్చి ఒంటికి బాగా పడుతుంది. కాస్త నూనె తగలనివ్వండి, ఎందుకంటే అది కొవ్వులో కరిగే పదార్థం. ఎండలు ముదిరాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే, రెండు మూడు నెలల ముందే అలవాటు చేసుకోండి. ఇంత చేసినా వచ్చే రక్షణ మామూలు సన్‌స్క్రీన్‌తో పోలిస్తే చాలా చిన్నది. గ్రీన్ టీ గురించి కూడా అడుగుతుంటారు. తాగితే చర్మానికి రక్షణ వస్తుందా అని చూసిన పరీక్షల్లో ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. ఇష్టమైతే తాగండి, దాని మీదే ఆధారపడకండి.

3. ఉదయం సీరం, దాని మీద సన్‌స్క్రీన్

పూసేవాటిలో నాకు బాగా నమ్మకం కుదిరింది ఒక కలయిక మీద: 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ, 0.5 శాతం ఫెరులిక్ ఆమ్లం. మూడోది ధాన్యపు గింజల కణ గోడల్లో దొరికే మొక్కల పదార్థం. ఇది చేరితే మొదటి రెండూ త్వరగా పాడవకుండా నిలుస్తాయి, వాటి రక్షణ దాదాపు రెట్టింపవుతుంది. 2005లో వెలువడిన పరిశోధన ఇది.

మొదట మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. దురద, ఎరుపు లేకపోతే ముఖానికి వాడొచ్చు. ఉదయం కడిగి ఆరిన ముఖానికి నాలుగైదు చుక్కలు, అవి ఇంకాక సన్‌స్క్రీన్. సీసా రంగు మీద ఓ కన్నేసి ఉంచండి. నేను ఒకసారి సీసాను బాత్రూమ్ కిటికీ గూట్లో పెట్టి మర్చిపోయాను. లేత పసుపు ద్రవం కొన్ని వారాలకే డికాక్షన్ రంగుకి తిరిగింది. అలా అయిందంటే విటమిన్ సి ఆక్సీకరణ చెందినట్టే, డబ్బు పోయిందని బాధపడుతూనే పారేయాలి. చల్లగా, చీకటిగా ఉండేచోట మూత బిగించి పెట్టండి.

4. మాత్రల దగ్గర ఆగి ఆలోచించండి

తిండిలో మంచిదైనది మాత్రలోనూ మంచిదే అనుకోవడానికి లేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు క్యారెట్‌కు నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్రగా ఇచ్చి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. 1994లో వచ్చిన ఆ ఫలితం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. పొగతాగేవాళ్లు ఆ మాత్రల జోలికి పోవద్దు. మిగతావాళ్లు కూడా ఏ మాత్ర వేసుకునే ముందైనా డాక్టర్‌ని అడగండి. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక అయితే చర్మాన్ని ఎండకు ఇంకా సున్నితంగా మార్చగలదు.

5. కమిలిపోయాక

ముందు నీడలోకి రండి. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వేయండి, నీళ్లు ఎక్కువగా తాగండి. సువాసనలు కలపని కలబంద జెల్ రాస్తే మంట కాస్త ఉపశమిస్తుంది, కానీ డీఎన్ఏకి తగిలిన దెబ్బను అది వెనక్కి తీసుకోలేదు. బొబ్బలు లేస్తే చిదమకండి. జ్వరం, వణుకు, వాంతులు ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

6. ఎదురు తిరిగే మొక్కలు

నిమ్మజాతి కాయలు, అంజూర చెట్టు పాలు, సెలెరీ వంటివాటిలో సోరలెన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా యూవీఏ తగిలితే ఒకటి రెండు రోజులకు కాలినట్టు ఎర్రబడి బొబ్బలెక్కుతుంది. తర్వాత పడే గోధుమ రంగు మచ్చలు వారాలు, ఒక్కోసారి నెలలు పోవు. రసం కారిన దారినే చారలుగా పడతాయి కాబట్టి చూడగానే పోల్చుకోవచ్చు. 'సహజమే కదా' అని ముఖానికి నిమ్మరసం రుద్దుకుని బయటికి వెళ్లకండి. ఆరుబయట నిమ్మకాయలు పిండితే వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోండి, వేళ్ల సందులు కూడా.