నెల్లూరు నుంచి ఎగ్మోరు మ్యూజియం: పొద్దున పోయి రాత్రికి రావచ్చు

మనకి మద్రాసంటే ఆస్పత్రి, లేదంటే టీనగర్‌లో పెళ్లి చీరలు. ఈసారి ఆ రెండూ పక్కన పెట్టి ఎగ్మోరు మ్యూజియం కోసమే ఒక రోజు ఖాళీ చేసుకోండి. శుక్రవారం మాత్రం పోవద్దు, ఆ రోజు సెలవు.

తెల్లవారుజామున నెల్లూరు మీదుగా పోయే రైలేదైనా ఎక్కి సెంట్రల్‌లో దిగితే ఆటోవాళ్లతో బేరాలు అక్కర్లేదు, మెట్రోలో తర్వాతి స్టేషనే ఎగ్మోరు. అక్కణ్నుంచి పాంథియన్ రోడ్డుకి నడిచే పోవచ్చు, ఎండ మండిపోతుంటే తప్ప. మ్యూజియం తొమ్మిదిన్నరకి తెరుస్తారు. టిఫిన్ ముందే కానిచ్చేయండి.

1851లో మొదలైన మ్యూజియం ఇది, ఒకే ఆవరణలో బోలెడు బిల్డింగులు. అన్నీ చూసేద్దామని పరిగెత్తితే కాళ్లు పీకడం తప్ప ఏదీ గుర్తుండదు. కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే అమరావతి గ్యాలరీకి పోండి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసు పంపిన స్తూపం రాళ్లివి. కొన్ని తర్వాత లండన్ పోయాయి, అది వేరే బాధ. ఇక్కడ నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి రాయిని వెతికి పట్టుకోండి. ఎడమ పక్క మదమెక్కిన ఏనుగు ఒక మనిషిని తొండంతో పట్టేసి ఉంటుంది, జనం బెదిరిపోతుంటారు. కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద కూలబడి ఉంటుంది. పై కిటికీల్లోంచి చూస్తున్న వాళ్లని కూడా వదలకండి. రాయి మీద సినిమా రీలు తిప్పినట్టే. పక్కన ఎవరైనా తొందర పెడితే వాళ్లని టీకి పంపించేయండి.

తర్వాత కంచు విగ్రహాలు. నటరాజుల దగ్గర అందరూ ఆగుతారు, మీరు తిరువెంకాడు అర్ధనారీశ్వరుడి దగ్గర కూడా ఆగండి. శివుడి పక్క రెండు చేతులు, అమ్మవారి పక్క ఒకటే చేయి, మొత్తం మూడే. అయినా ఎక్కడా వెలితి కనిపించదు, ఆ నడుము వంపు దగ్గర ఉంది పనితనమంతా. పిల్లలు విసుగెత్తితే తిమింగలం అస్థిపంజరం ఉంది, కాసేపు వాళ్ల నోరు మూయిస్తుంది.

భోజనం చేసొచ్చాక నేషనల్ ఆర్ట్ గ్యాలరీ బిల్డింగు దగ్గరికి రండి. లోపలికి వదిలినా వదలకపోయినా బయట నిలబడి చూడటానికే అరగంట పెట్టుకోండి. 1906లో శంకుస్థాపన, 1909లో ప్రారంభం, ప్లాను గీసింది హెన్రీ ఇర్విన్. ముందు ద్వారం చూస్తే ఫతేపూర్ సిక్రీ గుర్తొస్తుంది, రాయి మాత్రం మన పక్కదే: తడ నుంచి లోపలికి పోతే వచ్చే సత్యవేడు గులాబీ ఇసుకరాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చెక్కడాలు బాగా తేలతాయి, ఫోటోలు అప్పుడు తీసుకోండి. అదే ఆవరణలో 1896 నాటి కన్నెమరా లైబ్రరీ కూడా ఉంది, ఓపిక ఉంటే ఓ చూపు.

తిరుగు రైలుకి టికెట్ ముందే చేయించుకోండి. దొరక్కపోతే టెన్షన్ అక్కర్లేదు, మాధవరం బస్టాండ్‌కి పోతే నెల్లూరు బస్సులుంటాయి. ఆఫీసులు వదిలే టైముకి ముందే బయల్దేరండి, లేకపోతే మాధవరం చేరడమే సగం ప్రయాణం.