కారు ఓ పక్కకి లాగుతోందా? చిన్న కారు సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

నా స్విఫ్ట్ ముందు ఎడమ టైరు 8 వేల కిలోమీటర్లకే అరిగిపోయింది. బయటి నుంచి చూస్తే కొత్త టైరులాగే ఉండేది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు చూస్తే గాడి అన్నది లేదు, రబ్బరు కింద పోగులు తేలాయి. అప్పటికే రెండుసార్లు అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించాను. రెండుసార్లూ మెషిన్ కాగితం మీద అంకెలన్నీ పచ్చరంగులోనే వచ్చాయి. చివరికి మా వీధి మెకానిక్ బండి కిందికి దూరి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండి చట్రానికి కలిపే ఇనుప చెయ్యి) వెనక బుష్ (దాని కీలులో ఉండే రబ్బరు) పక్కన ఇనుప రాడ్ పెట్టి ఎత్తాడు. రబ్బరు సగానికి పైగా చీలి నోరు తెరిచింది. "సార్, ఇది మార్చకుండా ఎన్నిసార్లు చేయించినా డబ్బులు దండగే" అన్నాడు.

బండి నిలబడి ఉన్నప్పుడు ఆ బుష్ సరిగ్గానే కూర్చుని ఉంటుంది, కాబట్టి మెషిన్‌కి తప్పు దొరకదు. బ్రేకు తొక్కగానే ఆర్మ్ జరిగి చక్రం దిశ మారిపోతుంది. అందుకే ఈ పనిలో వరస చాలా ముఖ్యం. ముందు గాలి, తర్వాత వదులు, ఆ తర్వాతే కొలత.

మీ కారులో ఏది తిప్పగలం?

స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి చిన్న కార్లలో ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అంటే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాలు. కోణాలు మూడు. పైనుంచి చూసినప్పుడు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్, బయటికి తిరిగి ఉంటే టో-అవుట్. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలితే అది క్యాంబర్. స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్; మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుకి వచ్చేది ముఖ్యంగా దీనివల్లే.

ఈ కార్లలో కంపెనీ మనకు వదిలిన సర్దుబాటు మామూలుగా ఒక్కటే, ముందు చక్రాల టో. క్యాంబర్, క్యాస్టర్ లెక్క తప్పాయంటే ఏదో వంగిందనో, అరిగిందనో అర్థం. వెనక చక్రాలదీ అదే కథ. "నాలుగు చక్రాలూ సెట్ చేశాం" అని ఎవరైనా చెబితే, వెనక ఏం తిప్పారో అడగండి.

1. గాలితో మొదలుపెట్టండి

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు అంతే పట్టించండి. ఒక పక్క టైరులో గాలి తక్కువుంటే చాలు, బండి ఆ పక్కకి లాగుతుంది.

తర్వాత అరుగుదల చూడండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువగా నడిపారు. నడిమధ్య అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే అరిగితే క్యాంబర్ గానీ టో గానీ తప్పింది. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్ మీద అనుమానపడాలి. ఇక టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమరండి. ఒక వైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే రంపపు పళ్లలా గరగరలాడితే అది టో తేడా. తీగ తేలిన టైరు మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు, కోసుకుపోతుంది.

మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి. స్టీరింగ్ వదిలితే బండి మెల్లగా ఎడమకి జరగడం చాలాసార్లు రోడ్డు వాలే. అనుమానం ఉంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుది, అలైన్‌మెంట్‌ది కాదు. బాణం గుర్తున్న టైర్లను మాత్రం ఇలా మార్చకూడదు.

2. వదులు పట్టుకోండి

సమతలమైన గట్టి నేల మీద బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీతో ఎత్తాక తప్పనిసరిగా స్టాండ్ వేయండి. జాకీ ఒక్కటే ఆసరాగా ఉన్న బండి కింద తల పెట్టడం ప్రాణాలతో చెలగాటం. ఇటుకలు కూడా వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

గాల్లో ఉన్న చక్రాన్ని గడియారం అనుకోండి. 3, 9 అంకెల దగ్గర పట్టుకుని ఊపితే టక్‌టక్‌మంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్ చివరి కీలు) గానీ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి ఆ రాడ్లను నెట్టే కడ్డీ) గానీ వదులైంది. 12, 6 దగ్గర ఊపితే ఆడితే వీల్ బేరింగ్ గానీ బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండ్రని కీలు) గానీ పోయింది. ఏదో తేల్చుకోవాలంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. అప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్.

లోయర్ ఆర్మ్ బుష్షులు టార్చ్ వేసి చూడండి. పైపైన సన్నని గీతలు పర్వాలేదు. రాడ్‌తో ఎత్తినప్పుడు చీలిక తెరుచుకుంటే మార్చాల్సిందే. స్పీడ్ బ్రేకర్ మీద ఒక చక్రం ఎక్కించినప్పుడు కటకటమంటే స్టెబిలైజర్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ) లింక్ రాడ్లు చూడండి. బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగ్ మెలితిరిగి టంగ్‌మని వదిలితే స్ట్రట్ పైన ఉండే బేరింగ్ బిగుసుకుంది.

కొత్త బుష్ వేసేటప్పుడు చాలా చోట్ల జరిగే పొరపాటు ఒకటుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దింపగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది, త్వరగా చీలిపోతుంది. బోల్టు చేత్తో పట్టేంత వరకే బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక ఆఖరి బిగింపు ఇవ్వాలి. మెకానిక్ పక్కనే నిలబడి ఈ ఒక్కటి అడిగి చేయించుకోండి.

3. షాక్ అబ్జార్బర్లు

బానెట్ మూలని గట్టిగా నొక్కి వదలండి. పైకి లేచి ఒక్క ఊపుతో నిలవాలి. ఇంకా ఊగుతుంటే షాక్ పోయినట్టే. ఒక్క ఊపుతో నిలిచినంత మాత్రాన బాగున్నట్టు కాదు, కాబట్టి ఆయిల్ కారిన తడి, దానికంటిన దుమ్ము కూడా చూడండి. మారిస్తే రెండు పక్కలా కలిపే మార్చాలి.

స్ట్రట్ విప్పే పని మాత్రం ఇంట్లో వద్దు. స్ప్రింగ్ కంప్రెసర్ వేయకుండా పై నట్టు విప్పితే స్ప్రింగ్ తూటాలా ఎగిరొస్తుంది.

4. దారంతో టో కొలవడం

వదులేమీ లేదని తేలాకే ఇది. రెండు మీటర్ల తిన్నని ఇనుప పైపులు రెండు, సాగని నైలాన్ దారం, స్టీలు స్కేలు చాలు. రెండు పైపుల మీదా సరిగ్గా ఒకే దూరంలో, ఉదాహరణకు 190 సెంటీమీటర్ల ఎడంతో, రెండేసి గాట్లు పెట్టండి. ఒక పైపు బండి ముందు, ఇంకొకటి వెనక, చక్రం మధ్యభాగం ఎత్తులో స్టూళ్ల మీద పెట్టి, గాటు నుంచి గాటుకి దారం బిగించి కట్టండి. బండికి రెండు పక్కలా రెండు దారాలు వస్తాయి.

జాకీ దింపిన తర్వాత చక్రాలు కాస్త లోపలికి ముడుచుకుని ఉంటాయి. అందుకే పైపులు పెట్టకముందే బండిని నాలుగైదు మీటర్లు ముందుకీ వెనక్కీ తోసి, స్టీరింగ్ నిటారుగా ఉంచి ఆపాలి.

ఇప్పుడు పైపులను అటూ ఇటూ జరుపుతూ, ముందు చక్రాల నడిబొడ్డు నుంచి దారానికి దూరం రెండు పక్కలా సమానం చేయండి. వెనక చక్రాలకూ అలాగే. ముందు దూరం, వెనక దూరం ఒకటే కానక్కర్లేదు. ఎడమ, కుడి సమానమైతే చాలు. ఒకటి సరిచేస్తే రెండోది కదులుతుంది, ఓపిక పట్టాలి. నాకు మొదటిసారి దీనికే గంట పట్టింది.

ఆ తర్వాత ఒక్కో ముందు చక్రానికి రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి కొలిచి రాసుకోండి. ముందు అంచు దూరం ఎక్కువుంటే టో-ఇన్, తక్కువుంటే టో-అవుట్. 14 అంగుళాల రిమ్ము అంచు దగ్గర ఒక మిల్లీమీటరు తేడా అంటే సుమారు 9 నిమిషాల కోణం (60 నిమిషాలు ఒక డిగ్రీ). ఈ తరహా కార్లకు టో దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది, కచ్చితమైన అంకె మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి.

5. టై రాడ్ తిప్పడం

టై రాడ్ ఎండ్ పక్కనున్న లాక్ నట్ వదులు చేసే ముందు మార్కర్‌తో ఒక గీత గీయండి. దారి తప్పితే వెనక్కి రావడానికి అదే ఆధారం. నట్ కదలకపోతే తుప్పు వదిలే స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగండి.

స్టీరింగ్ ర్యాక్ చక్రాల ఇరుసుకి వెనక ఉన్న కార్లలో రాడ్ పొడవు పెంచితే టో-ఇన్, తగ్గిస్తే టో-అవుట్. పావు చుట్టుకే రిమ్ము దగ్గర దాదాపు ఒక మిల్లీమీటరు మారుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా తిప్పండి. స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడు రెండు చక్రాల టో సమానంగా ఉంటే, చేసే మార్పును రెండు పక్కలకీ సగం సగం పంచండి. ఒక్క పక్కే తిప్పితే టో సరిపోతుంది గానీ స్టీరింగ్ వంకర వస్తుంది. ఆ వంకరని స్టీరింగ్ చక్రం పీకి తిప్పి పెట్టి సరిచేసేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోవద్దు. తప్పు అలాగే ఉండిపోతుంది, పైగా ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ అక్కడే ఉంటుంది.

తిప్పినప్పుడల్లా బండిని మళ్లీ తోసి, పైపులు సరిచూసి కొలవండి. అయ్యాక లాక్ నట్ బిగించి ఇంకోసారి కొలవండి, బిగించేటప్పుడు రాడ్ కదిలే అవకాశం ఉంది.

6. సెంటర్‌కి వెళ్తే

దారం కొలత బాగా కుదిరినా ఒకసారి మెషిన్ మీద చూపించుకోవడం మంచిదే. ముఖ్యంగా క్యాంబర్, క్యాస్టర్ కోసం. సర్దకముందు కాగితం, సర్దాక కాగితం రెండూ అడిగి తీసుకోండి. ఎడమ, కుడి క్యాంబర్ల మధ్య అర డిగ్రీ కన్నా ఎక్కువ తేడా కనిపిస్తే గోతిలో పడి స్ట్రట్టో ఆర్మో వంగి ఉండొచ్చు. అక్కడ సుత్తితోనో జాకీతోనో వంచి అంకె తెప్పిస్తామంటే బండి తీసుకుని వచ్చేయండి.

మలుపుల్లో బండి ఇంకా పట్టుగా ఉండాలని స్ప్రింగులు కోయించి ఎత్తు తగ్గించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఎత్తు తగ్గితే టో, క్యాంబర్ రెండూ మారతాయి, మన స్పీడ్ బ్రేకర్లకు కింది భాగం తగులుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. మంచి టైర్లు, కొత్త బుష్షులు, కొత్త షాకులు, సరైన టో ఉంటే చిన్న కారు మలుపులో ఎంత కుదురుగా ఉంటుందో ఒక్కసారి నడిపి చూడండి.

7. నడిపి చూడండి

ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. స్టీరింగ్ నిటారుగా ఉందా, మలుపు తర్వాత తనంతట తాను తిరిగొస్తోందా, బ్రేకు తొక్కితే ఓ పక్కకి లాగుతోందా, ఇవి చూడండి. దాదాపు 80 వేగంలో స్టీరింగ్ వణికితే అది అలైన్‌మెంట్ కాదు, వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండటం) తేడా. బ్రేకు తొక్కినప్పుడే లాగితే బ్రేకులూ చూపించండి.

కొలతలు, తేదీ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. 500 కిలోమీటర్లు తిరిగాక టైరు మీద మళ్లీ అరచేత్తో నిమరండి. ఎటు నిమిరినా ఒకేలా తగిలితే సెట్టింగ్ కుదిరింది.