సమాధి రాయి మీద రాత చదవాలంటే ఎండ పక్క నుంచి పడాలి
మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత సమాధుల మీద అక్షరాలు అరిగిపోయి కనిపిస్తే సుద్దముక్కో ముగ్గుపిండో రుద్దేయకండి. తీగ బ్రష్షు, యాసిడ్ అసలే వద్దు, రాయి పైపొర లేచిపోతుంది.

మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దున్నో సాయంత్రమో వెళ్తే, ఎండ రాయి పక్క నుంచి ఏటవాలుగా తగిలి చెక్కిన గాడుల్లో నీడ పడుతుంది, దాంతో అంతవరకూ కనిపించని అక్షరాలు కూడా తేలతాయి. రాయి చెట్టు నీడలో ఉందా, ఒకరు కాస్త దూరంలో ఎండలో నిలబడి పెద్ద అద్దంతో వెలుగును పక్కగా కొట్టాలి (బీరువా అద్దం మాత్రం పీక్కెళ్లకండి, ఇంట్లో గొడవ!). ఫోన్ రాయికి ఎదురుగా నిటారుగా పట్టుకుని ముందు మొత్తం రాయి, తర్వాత ముక్కముక్కలుగా తీయండి, లొకేషన్ ఆన్‌లో ఉంచండి.

రాసుకునేటప్పుడు ఏ వరుస ఆ వరుసే, స్పెల్లింగ్ తప్పున్నా దిద్దొద్దు. 1836 కావచ్చు, 1886 కావచ్చు అనిపిస్తే రెండూ రాయండి.

ఇంగ్లీషు వాళ్ల కాలం రికార్డులతో పోల్చాలంటే శ్రీకాకుళం అని వెతికితే దొరకదు, చికాకోల్ అని వెతకండి, 1936కు ముందువైతే గంజాం జిల్లా కింద చూడండి.